ఎత్వం పోయిన పెట్టె

ఓదవ్వ పెట్టను ఎత్తుకుపోయింది పిల్లి కాదు, ముంగిస కాదు, దొంగా కాదు. మీరు. గృహ కుక్కుట వికాస సంస్థ పెద్దలారా, మీరే. పట్టపగలు జీపు వేసుకొచ్చి, రసీదు చేతిలో పెట్టి మరీ పట్టుకుపోయారు. పిల్లి అయితే ఈపాటికి తినేసి మూతి నాక్కొని ఉండేది, మేమూ రెండు రోజులు తిట్టుకొని మర్చిపోయేవాళ్లం. మీరు తినరు, వదలరు. పైగా పొదుగు శాతం పెంచామని ఫ్లెక్సీ కట్టించుకున్నారు.

సంగతి తెలియనివాళ్ల కోసం మొదటినుంచి చెబుతాను. తెలిసిన మీరు కూడా వినండి. మీరు రాసిన కాగితాలు మీరే చదవరని నాకు ఈమధ్యే అర్థమైంది.

నేను బొంకూరి సమ్మయ్యను. గుండ్లకుంట కోళ్ల పెంపకందార్ల సంఘానికి అధ్యక్షుణ్ణి. నిరుడు ఎండాకాలంలో కొక్కెర తెగులు వచ్చి ఊళ్లో కోళ్లన్నీ మెడలు వేలాడేసి పోయాయి. అప్పటినుంచి మాది కోళ్లు లేని కోళ్ల సంఘం. అయినా సమావేశాలు ఆపలేదు. ఊరంతటికీ మిగిలింది ఒకే ఒక పెట్ట. అది ఓదవ్వది. నల్ల ఒళ్లు, మెడ చుట్టూ ఎర్ర ఈకలు, దగ్గరికెళ్తే పొడుస్తుంది. అందుకే దాని పేరు రాకాసి. ఓదవ్వ పక్క ఊరి నుంచి ఒక పుంజును అరువు తెచ్చి, ఉన్నన్నాళ్లూ దానికి కొత్తల్లుడికి చేసినట్టు మర్యాదలు చేసి, పద్నాలుగు గుడ్లు కూడబెట్టింది. తట్టలో ఊక పోసి, ఉరుములకు గుడ్లు మురగకుండా ఒక ఇనుప ముక్క, ఒక బొగ్గు ముక్క పెట్టి, రాకాసిని పొదుగుకు కూర్చోబెట్టింది.

మా ఊళ్లో సొంత కోడి కూత విని ఏడాదయింది. మళ్లీ వినాలంటే ఆ తట్టలోంచే రావాలి. అదీ దాని విలువ. ఈ మాట ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నాకు రాదు.

రాకాసి పొదుగు ఎక్కడానికి రెండు నెలల ముందే మీరు వచ్చారు.

మా ఊరిమీద జాలిపడి "ఇంటికో పెట్టె, ఊరినిండా పిల్లలు" అనే పథకం తెచ్చారు. ఆ పేరు విని కుటుంబ నియంత్రణవాళ్లు ఒకసారి వచ్చి విచారించి వెళ్లారు. పెట్టె అంటే తెల్లటి థర్మాకోల్ డబ్బా. లోపల ఒక బల్బు, అరచేతంత పంఖా, తేమ కోసం నీళ్ల గిన్నె, వేడి చూసే థర్మామీటరు. గుడ్లు కూడా మీవే. నలభై ఇళ్లకు నలభై పెట్టెలు పంచి, బడిలో శిక్షణ శిబిరం పెట్టారు. నగరం నుంచి వచ్చిన నిపుణుడొకాయన గంటసేపు మాట్లాడాడు.

"కోడి నమ్మదగిన సాధనం కాదు. దానికి మేత కావాలి, నీళ్లు కావాలి. మధ్యలో లేచి పోతుంది. కోపం వస్తుంది. పెట్టెకు ఈ బలహీనతలేవీ లేవు."

ఓదవ్వ చెయ్యెత్తింది. "డబ్బకు కరెంటు గావాలె గద సారూ?"

"అది వేరే శాఖ" అన్నాడు నిపుణుడు.

వెళ్తూ వెళ్తూ మనిషికో పుస్తకం పంచాడు. దాని పేరు "పొదుగు దీపిక". గుడ్డును మొన కిందికి పెట్టి నిలవ చేయవలెను, రోజుకు మూడుసార్లు తిప్పవలెను, గిన్నెలో నీళ్లు ఎండనీయరాదు. అన్నీ మంచి మాటలే. మా అమ్మ కూడా చెప్పేది, కాకపోతే "వలెను" లేకుండా. చివరి పేజీలో మాత్రం లావు అక్షరాలతో ఒక నిబంధన ఉంది: "చివరి మూడు దినములు గుడ్లను తిప్పరాదు, కదపరాదు. ఆఖరి గుడ్డు నుండి పిల్ల వెలువడు వరకు ఎట్టి పరిస్థితులలోను మూత తెరువరాదు." ఈ వాక్యం గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

పెట్టెలు పనిచేశాయా అని అడగకండి. కరెంటు పోయిన రోజు గుడ్లు చల్లబడ్డాయి. వచ్చిన రోజు ఉడికాయి. నలభై పెట్టెల్లో కలిపి రెండు పిల్లలు పుట్టాయి. అందులో ఒకదాన్ని పెట్టెలోంచి తీస్తుండగానే కాకి పట్టుకుపోయింది, రెండోదీ బతకలేదు. గుడ్డు ఉడకబెట్టడానికి అంతకంటే ఖరీదైన పద్ధతి మా ఊరు ఎరగదు. ఓదవ్వ తన పెట్టెలోంచి బల్బు ఊడబీకి వంటింట్లో పెట్టుకొంది, పెట్టెలో ఎండుమిరపకాయలు పోసి అటకెక్కించింది. మిరపకాయలు మాత్రం బాగా నిలవున్నాయి.

మీకు పొదుగు శాతం బెంగ పట్టుకొంది. పెట్టెలన్నీ వెనక్కి తెప్పించి మరమ్మతు చేయాలని తీర్మానించారు. తప్పేమీ కాదు. ఆ మాటే సర్కులరుగా టైపు చేయించారు. అక్కడ ఒక ఎత్వం పడిపోయింది.

చిన్నప్పుడు బడికెళ్లినవాళ్లకు తెలుసు. పెట్టెకు రెండు ఎత్వాలు, పెట్టకు ఒకటే. ముందు "పె" రెండింటికీ ఉంది. వెనక ట్ట మీద ఎత్వం ఉంటే డబ్బా, లేకపోతే కోడి. మీ టైపు మిషను వెనక ఎత్వాన్ని మింగేసింది. సర్కులరు ఇలా వచ్చింది:

"పొదుగు శాతమును పెంచు నిమిత్తం, గ్రామములలో పొదుగుటకు వినియోగములో నున్న పెట్టలన్నింటిని తక్షణం స్వాధీనపరచుకొని, మూత తెరచి, లోపలి భాగములు బయటికి తీసి శుభ్రపరచి, కాలిన బల్బులు మార్చి, తీగ సరిచూసి, అడుగున సంఖ్య వేసి తిరిగి అప్పగించవలెను."

దీన్ని పట్టుకొని మీ క్షేత్ర పర్యవేక్షకుడు దివాకర్ మా ఊరొచ్చాడు. చెడ్డవాడు కాదు. ఏ కాగితమిచ్చినా నమలకుండా మింగే అలవాటు, అంతే. నేను అప్పుడు ఓదవ్వ అరుగు మీదే కూర్చొని ఉన్నాను, సంఘం సమావేశంలో. సభ్యులు మేమిద్దరమే వచ్చాం.

"ఓదవ్వా, నీ పెట్టేది?" అన్నాడు దివాకర్.

ఇక్కడ ఒక ముచ్చట ఉంది. పెట్ట ఏది అన్నా పెట్టె ఏది అన్నా నోట్లోంచి వచ్చేసరికి "పెట్టేది" అనే వస్తుంది. కాగితం మీద పోయిన ఎత్వం నోట్లో కూడా దొరకదు.

"గదో, అటక మీదున్నది బిడ్డా. మిరపకాయలు పోసిన. కుమ్మరిచ్చియ్యాల్నా?"

"గది గాదు. రెక్కలున్నది."

"దాని రెక్కలు తిరుగుతలేవు సారూ. పంఖ కాలిపోయింది."

"అవ్వా, కోడి! కోడి గావాలె నాకు."

ఓదవ్వ ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. "సుట్టాలొచ్చిండ్రా ఆఫీసుకు?"

దివాకర్ సర్కులరు తీసి నా చేతికిచ్చాడు. చదివాను. రెండోసారి చదివి, టైపులో ఎత్వం పోయిందని చెప్పాను.

"సమ్మన్నా, నువ్వు చదువుకున్నోనివి. గా ట్ట మీద ఏమున్నది?"

"ఏమీ లేదు."

"గంతే మరి. ఏం లేదు. ఉంటె పెట్టె అయితుండె. లేదు గనుక పెట్ట."

"కోడికి బల్బు ఎక్కడుంటది సారూ?"

"గది టెక్నికలోళ్లు సూసుకుంటరు. పట్టుకొచ్చుడు వరకే నా డ్యూటీ."

"మూత తెరవాలని ఉంది. కోడికి మూత తెరవడమంటే ఏమిటి?"

దివాకర్ అప్పుడు మొదటిసారి తట్టవైపు చూశాడు. రాకాసి కూడా ఆయన్ని చూసింది. గొంతు తగ్గించి అన్నాడు: "అన్నా, ఎత్వం వెట్టే పవరు నాకు లేదు. ఉంటె పెట్టకపోదునా? నలభై పెట్టలు తెమ్మన్నరు. ఊరంత తిరిగితె ఇది ఒక్కటే కనవడ్డది. మిగిలిన ముప్పై తొమ్మిది ఏమైనయో నోటీసులియ్యాలె నేను."

నిజంగానే ఇచ్చాడు. పథకం పెట్టెను భద్రంగా దాచుకున్న ముప్పై తొమ్మిది ఇళ్లకు, ప్రభుత్వ పెట్టను మాయం చేసినందుకు సంజాయిషీ నోటీసులు వచ్చాయి. పెట్టెను నెత్తిన పెట్టుకొని ఆఫీసుకెళ్లి చూపించినవాళ్లను "ఇది కాదు" అని వెనక్కి పంపారు. ఒకాయన భయపడి అంగట్లో బ్రాయిలర్ కోడిని కొని అప్పగించబోయాడు. పొదుగుటకు వినియోగములో లేదని దాన్ని తిరస్కరించారు. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి కూర వండుకున్నాడు. ఈ పథకంలో లబ్ధి పొందినవాడు ఆయన ఒక్కడే.

దివాకర్ తట్టలో చెయ్యి పెట్టాడు. రాకాసి బొటనవేలు మీద పొడిచింది.

"ముట్టకు బిడ్డా, పొదుగు మీదున్నది" అంది ఓదవ్వ. "నాలుగొద్దులైతె పిల్లలైతయి. గిప్పుడు లేపితె గుడ్లన్ని సల్లవడి సస్తయి. ఇది వోతె ఊళ్లె కోడి బీజమే లేదు."

"గుడ్ల ముచ్చట సర్కులర్ల లేదవ్వా. అవి నువ్వే ఉంచుకో."

"ఉంచుకొని నేను పొదగాల్నా?"

ఓదవ్వ లేచి కొంగు నడుముకు చుట్టింది. పెట్టతో సహా తట్టను ఎత్తి చంకన పెట్టుకొంది.

"పెట్ట యాడికి వోతె గుడ్లు గాడికే. గుడ్లు యాడికి వోతె నేను గాడికే. నడువు."

జీపులో ముందు సీటు ఆమెకిచ్చారు. దారి పొడుగునా తట్ట ఒళ్లో పెట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా డ్రైవర్ను తిట్టింది. డ్రైవర్ పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నడిపాడు. నేను వెనక కూర్చున్నాను. ప్రజా ఉద్యమాల్లో నాకు ఎప్పుడూ వెనక సీటే వస్తుంది.

జిల్లా ఆఫీసులో రాకాసిని సాంకేతిక గదికి పంపారు. అక్కడి సహాయకుడు స్క్రూడ్రైవరు, టెస్టరు, థర్మామీటరు పట్టుకొని పరీక్ష చేశాడు. నివేదిక రాశాడు. నకలు నా దగ్గరుంది. దొంగతనంగా తెచ్చుకున్నది కాదు, పది రూపాయలు కట్టి అడిగి తీసుకున్నది.

"స్వాధీనపరచుకొన్న పెట్ట ఒకటి. తీగ లేదు. బల్బు లేదు. అయినను అడుగుభాగమున వేడిమి ప్రమాణము ప్రకారము కలదు. తేమ కలదు. గుడ్లు వాటంతటవే తిరుగుచున్నవి. అప్పుడప్పుడు శబ్దము చేయుచున్నది. మూత ఎచ్చటనున్నదో తెలియరాలేదు. పరిశీలించుచుండగా సిబ్బందికి రెండుమార్లు షాకు తగిలినది."

షాకు తగిలినచోట కట్టు కట్టుకొని నివేదిక మీద సంతకం ఎడమచేత్తో చేశాడు.

మేం ఉపసంచాలకులవారి గదికి వెళ్లాం. ఆయన్ని అందరూ పెద్దసారు అంటారు. ఆయన మాట్లాడేటప్పుడు పెన్ను మూత తీసి పెడతాడు, పెట్టి తీస్తాడు, ఒక్క అక్షరం రాయడు. ఎదురుగా గోడకు సంస్థ నినాదం ఉంది: "ప్రతి గుడ్డూ ఒక అవకాశం".

"అయ్యా, ఒక ఎత్వం పోయింది. అది పెట్టిస్తే మా కోడిని తీసుకొని వెళ్లిపోతాం" అన్నాను.

ఆయన సర్కులరును దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"లోపం జరిగి ఉండవచ్చు. జరగలేదని నేను అనను. జరిగిందని కూడా అనను. కానీ సమ్మయ్యగారూ, జారీ అయిన ఉత్తర్వులో అక్షరం చేర్చడం తేలికనుకుంటున్నారా? ఇవాళ మీకు ఎత్వం ఇస్తే రేపు ఇంకొకరు దీర్ఘం కావాలంటారు. ఎల్లుండి ఒకాయన సున్నా అడుగుతాడు. సున్నాలు ఇచ్చుకుంటూ పోతే ఖజానా ఏమవుతుంది?"

"సార్, మాకు సున్నా వద్దు. కోడి కావాలి."

"అందరూ మొదట్లో అలాగే అంటారు."

ఓదవ్వ ముందుకొచ్చింది. "అయ్యా, నువ్వు పెద్దోనివి. నీ కాగితమే తప్పయింది. నీ కలంతోని గింత గీకు. మా అవ్వగారింటికాడ పిల్లలు సుత పలకమీద గీకుతరు."

పెద్దసారుకు ఆ మాట తగిలింది. కోపం తెచ్చుకోలేదు. మానవతా దృక్పథంతో పరిశీలిస్తానన్నాడు. మధ్యాహ్నానికల్లా వివరణ ఉత్తర్వు తయారైంది. మొదటి వాక్యం ఇది: "సదరు సర్కులరులో 'పెట్ట' అను పదము వచ్చిన ప్రతిచోటా 'పెట్టె' అని అర్థము చేసుకొనవలెను."

నేను పైకి చదివాను. ఓదవ్వ కొంగు బిగించుకొని తట్ట కోసం లేచింది. రెండో వాక్యం చదివే దాకా ఆగలేదు. రెండో వాక్యం ఇది: "ఇదివరకే స్వాధీనపరచుకొనబడిన పెట్టలు, ఇకమీదట పెట్టెలుగా పరిగణింపబడును."

"అంటె ఏంది తమ్మీ?"

"రాకాసి ఇప్పుడు డబ్బా అక్కా."

"నా కోడి డబ్బయిందా?"

"సంతకంతో సహా."

"మరి అటక మీదున్న డబ్బా?"

"దాని గురించి ఇంకా ఏమీ తేల్చలేదు."

ఓదవ్వ కొంగు వదులు చేసి మళ్లీ కూర్చుంది. "గట్లయితె రాకాసికి దాణా ఎందుకు, కరెంటు వెట్టుమను" అంది. నేను నోరు మూసుకోమన్నాను. ఆ గదిలో అలాంటి మాటలు అనకూడదు, వెంటనే ఫైలు తెరుస్తారు.

పెద్దసారు అప్పటికి సాంకేతిక నివేదిక చదువుతున్నాడు. చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచాడు. తీగ లేదు, బల్బు లేదు, అయినా వేడి ఉంది. గుడ్లు వాటంతటవే తిరుగుతున్నాయి.

"తీగ లేని పెట్టె!" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎన్నేళ్లుగా కలగంటున్నాను. ఇది ఎక్కడ తయారైంది?"

"గుండ్లకుంటల" అంది ఓదవ్వ.

"ఎవరు తయారుచేశారు?"

"దీని తల్లి."

ఆయన రాసుకున్నాడు. పెన్ను కాగితం మీద కదలడం నేను అప్పుడే చూశాను.

వెంటనే రాకాసిని తట్టతో సహా పెద్దసారు గదికి మార్చారు. గాలి తగలకూడదని టేబులు కింద పెట్టారు, చల్లదనం తగలకూడదని ఏసీ ఆపించారు. ఎండలు మండుతున్నాయి. పెద్దసారు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆయన ఓర్చుకున్నాడు. రాకాసి కాళ్లమీద పొడిచినప్పుడల్లా "ఓల్టేజి బాగుంది" అనేవాడు.

మర్నాడు మమ్మల్ని పిలిచి శుభవార్త చెప్పాడు.

"ఇంత చక్కగా పనిచేస్తున్న పెట్టెలో ఏముందో తెలుసుకోవడం మన కర్తవ్యం. రాజధాని నుంచి బృందం వస్తున్నది. మూత తెరిచి, లోపలి యంత్రాంగం పరిశీలించి, ఇలాంటివి పదివేలు తయారు చేయిస్తాం. మీ ఊరి పేరు ప్రతి పెట్టె మీదా వేయిస్తాను."

ఓదవ్వ టేబులుకు అడ్డం నిలబడింది. "అయ్యా, తెరిస్తె సచ్చిపోతది."

"మళ్లీ బిగిస్తామమ్మా. మా దగ్గర మంచి మెకానిక్కు ఉన్నాడు."

"నీ మెకానిక్కు ఈక తిరిగి అతుకుతడా? కుత్తిక అతుకుతడా?" ఆమె అంతకుముందు ఎవరిముందూ దండం పెట్టగా నేను చూడలేదు. అప్పుడు రెండు చేతులూ ఎత్తింది. "నీ కాళ్లు మొక్కుత. గుడ్లు దీసుకో, తట్ట దీసుకో. దాన్ని ఇడిసిపెట్టు."

"వ్యక్తిగత మమకారం వేరు, విజ్ఞానం వేరు" అన్నాడు పెద్దసారు.

వీళ్ల ముందు ఏడిస్తే లాభం లేదు. వీళ్లకు అర్థమయ్యేది వీళ్ల భాషే. జేబులోంచి "పొదుగు దీపిక" తీసి చివరి పేజీ తెరిచి టేబులు మీద పెట్టాను.

"సార్, ఇది పెట్ట అయితే మూత లేదు, తెరవలేరు. ఇది పెట్టె అయితే ఈ నిబంధన వర్తిస్తుంది. చివరి మూడు దినములు పడ్డాయి. ఆఖరి గుడ్డు నుండి పిల్ల వెలువడు వరకు ఎట్టి పరిస్థితులలోను మూత తెరువరాదు. ఇది పెట్టె అని సంతకం పెట్టింది మీరే."

ఆయన చదివాడు. సాంకేతిక సహాయకుణ్ణి పిలిచి చదివించాడు. టేబులు కిందినుంచి రాకాసి ఒకసారి గుర్రుమంది.

"నిబంధన నిబంధనే" అన్నాడు పెద్దసారు. బృందాన్ని ఆగమని ఫోను చేశాడు. టేబులు అంచున "మూత తెరువరాదు" అని బోర్డు కట్టించాడు. తాను కూడా సొరుగు తెరవడం మానేశాడు, ఎందుకైనా మంచిదని.

పిల్లలు లేచాయి. పదమూడు. నల్లవి కొన్ని, గోధుమరంగువి కొన్ని, ఒకటి మాత్రం అరువు తెచ్చిన పుంజులాగే మెడ మీద బొల్లి మచ్చతో. ఓదవ్వ నేలమీద పడుకొని టేబులు కింద తల పెట్టి ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పలకరించింది. అటెండర్లు నూకలు తెచ్చారు. ఏడాది తర్వాత నేను కోడిపిల్లల కిచకిచలు విన్నాను, అదీ సర్కారు ఆఫీసులో.

పద్నాలుగు గుడ్లకు పదమూడు పిల్లలు. పొదుగు శాతం తొంభై మూడు. జిల్లా చరిత్రలో లేదు. సాయంత్రానికల్లా గేటు మీద ఫ్లెక్సీ లేచింది: "పెట్టెల మరమ్మతుతో అద్భుత ఫలితం". పక్కన పెద్దసారు బొమ్మ. పెట్టెలు సరఫరా చేసిన కంపెనీకి సన్మానం ప్రకటించారు, మరో పదివేల పెట్టెలకు ఆర్డరు ఇచ్చారు. అవే థర్మాకోల్ డబ్బాలు, బల్బుతో సహా.

మరుసటి పొద్దు నుంచి రాకాసి పిల్లలను వెంటేసుకొని గదిలో తిరగసాగింది. కోడి ధర్మం అది. పెద్దసారు కంగారుపడ్డాడు. పెట్టె నడవడం ఏ కాగితంలోనూ లేదు. ఇద్దరు అధికారులు కూర్చొని ఆలోచించి దానికి "సంచార పెట్టె" అని కొత్త వర్గం సృష్టించారు. సంచరించి బయటికి పోకుండా తలుపుకు తాళం వేశారు. పెద్దసారు కుర్చీ వరండాలోకి వచ్చింది.

అప్పుడు పైనుంచి ఫోను వచ్చింది. తొంభై మూడు ఏమిటి, మిగతా ఏడు ఏమైంది, వంద చెయ్యి అని.

మిగతా ఏడు శాతం టేబులు కింద తట్టలో ఉంది. పద్నాలుగో గుడ్డు. పిల్లలు లేచిన రోజే ఓదవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసింది. లోపల నీళ్లలా కదిలింది. మురిగింది. నావైపు చూసి, తిరిగి తట్టలో పెట్టేసింది. ఆమెకు చదువు రాదు గానీ నేను చదివిన నిబంధన బాగా విన్నది. ఆఖరి గుడ్డు నుండి పిల్ల వెలువడు వరకు.

పెద్దసారు వరండాలో మా పక్కన కూర్చొని బతిమాలాడు.

"అమ్మా, ఆ గుడ్డు మురిగిందని ఒక్కమాట చెప్పు. పొదగని గుడ్డు అసలు గుడ్డే కాదని ధ్రువీకరిస్తాను. లెక్కలోంచి తీసేస్తాను. పదమూడుకు పదమూడు, వందకు వంద."

"తీసేస్తె పొదుగు అయిపోయినట్టే గద సారూ?"

"అవును."

"అయిపోతె మూత తెరుస్తరు గద?"

పెద్దసారు పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"అది మురగలే సారూ" అంది ఓదవ్వ. "జరంత ఆలిశం జేస్తున్నది. మొండి గుడ్డు. అచ్చం నీ తీరుగనే."

కాబట్టి పరిస్థితి ఇదీ. తాళం పడిన గదిలో మా పెట్ట, పదమూడు పిల్లలు. తలుపు సందులోంచి ఓదవ్వ నూకలు వేస్తోంది, గిన్నె వంచి నీళ్లు పారిస్తోంది. అక్కడే వరండాలో పడుకుంటోంది. లేవమంటే "పొదుగు మీదున్న, లేపకుండ్రి" అంటోంది. లేపబోయిన గార్డుకు రాకాసి నేర్పిన విద్యే చూపించింది. రాజధాని బృందం గెస్టుహౌసులో దిగి, పనిముట్లు ముందేసుకొని, పిల్ల వెలువడే కబురు కోసం ఎదురుచూస్తోంది. టేబులు కింద తట్టలో గుడ్డు. దాన్ని మీ నిబంధన ప్రకారం తిప్పరాదు, కదపరాదు. మీ ఉత్తర్వు ప్రకారం ఏసీ వేయరాదు. కిటికీలు మూసే ఉన్నాయి. బయట ఎండ నలభై నాలుగు.

నిన్న తలుపు సందులోంచి చూశాను. గుడ్డు రంగు మారింది. పెంకు మీద చెమటలాగా పడుతోంది. సన్నగా ఒక గీత కూడా కనిపించింది. వాసన వరండా దాటి జమాఖర్చుల విభాగం దాకా పోయింది. అక్కడివాళ్లు సెలవు పెట్టారు. మురిగిన గుడ్డు ఉబ్బి ఉబ్బి చివరికి ఏం చేస్తుందో కోళ్లు పెంచినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మీరు పెంచలేదు కనుక చెబుతున్నాను: తుపాకీ పేలినట్టు పేలుతుంది. ఆ గదిలో ఇక ఏ ఉపసంచాలకుడూ రిటైరయ్యేదాకా కూర్చోలేడు. సొరుగులోని ఫైళ్లు మనవల కాలానికి కూడా కంపు కొడతాయి.

అందుకని వినండి. మీ ఎత్వం మాకు అక్కర్లేదు, మీరే దాచుకోండి. నలభై ఇళ్ల నలభై డబ్బాలూ ట్రాక్టరు మీద తెచ్చి మీ గేటు ముందు పేర్చాం. ఓదవ్వ మిరపకాయలు తీసేసింది, బల్బు మాత్రం ఇవ్వనంది. వాటి మూతలు తెరుచుకోండి, తీగలు సరిచూసుకోండి, అడుగున మీకిష్టమైన సంఖ్య వేసుకోండి. ముప్పై తొమ్మిది నోటీసులు చించేయండి. పెట్టె మీది, పట్టుకుపోండి. పెట్ట మాది. పదమూడు పిల్లలతో సహా, ఒక్క ఈక ఊడకుండా, ఇవాళ పొద్దు గూకేలోపు ఓదవ్వ చేతిలో పెట్టండి.

గుడ్డు మీరే ఉంచుకోండి. అది మీ నిబంధన కింద పొదుగుతున్న గుడ్డు, మీ వందో శాతం. మేం దాని జోలికి రాం.

తాళంచెవి తీయండి. మూత మీరు తెరవకపోతే అదే తెరుచుకుంటుంది.